ప్రార్థన కాకముందే తిన్నడు

మిర్చి కల్లం పనికి పోయేముందు ఎబినేజర్ రోజూ చెంబెడు నీళ్లు తాగి, అంగీ ఇప్పి, వాకిట్ల ఎండకు వీపు పెట్టి కూసునేటోడు. వీపు మిరపాకు లెక్క పచ్చబడేది. తొమ్మిదయ్యేసరికి ఎండతోనే కడుపు నిండి తేన్పొచ్చేది. పుట్టిన కాడి నుంచి అంతే. ముసురు పడితే మాత్రం చిక్కిపోయి ముడుచుకొని పండేటోడు. ఏన్కూరుల ఇరుగుపొరుగోళ్లు ఇయ్యాల నీ కొడుక్కు పస్తేనా అని వాళ్లమ్మ విశ్రాంతమ్మను అడిగి, వాళ్ల పనికి వాళ్లు పోయేటోళ్లు.

ఆమెకు ఒక్కటే రంది, కొడుకు పెండ్లి. మూడు సంబంధాలు తప్పిపోయినయ్. ఎండ తింటడని కాదు. వండితే తిననోడు అలిగితే మా పిల్ల దేంతోని బుజ్జగించాలె అని అడిగిండ్రు.

నాలుగోది దమ్మపేట నుంచి ఎస్టీడీ బూతుకు ఫోనొచ్చింది. పిల్ల పేరు బ్లెస్సీ. ఫోటో చూసిన కాడి నుంచి ఎబినేజర్‌కు పని మీద మనసు లేదు. ఇదీ తప్పితే ఇంక ఎవలింటికీ రానని చెప్పి తల్లితోని బస్సెక్కిండు.

ఆ ఇంట్ల ప్రార్థన చెయ్యకుండ మెతుకు ముట్టరు. వాకిట్ల కుర్చీలేసి కోడికూర వడ్డించిండ్రు. ఎబినేజర్ సిగ్గుతోని తలొంచుకొని, దొరికిన కుర్చీల కూసున్నడు. అది ఎండల ఉన్నది. ఆయన మెడ, చేతులు పచ్చబడుడు బ్లెస్సీ మేనత్త చూసింది.

"ఏందయ్యా గిది, ప్రార్థన కాకముందే తినబడితివి?"

విశ్రాంతమ్మ మొఖం మాడిపోయింది. ఎబినేజర్‌కు గూడ నిజమే అనిపించింది. ఇన్నేండ్లల ఎండకు ఒక్కనాడు స్తోత్రం చెప్పలే. లేచి నీడకు పోబోయిండు.

పిల్ల తండ్రి శాంతికుమార్ చెయ్యి పట్టి కూసోబెట్టిండు. పత్తిమిల్లుల చేసి చేసి దమ్ము రోగం పట్టిన మనిషి ఆయన. పిల్లగాని పక్కనే నిలబడి ప్రార్థన మొదలువెట్టిండు. రోజూ "తండ్రీ" అనంగనే దగ్గొచ్చి ఆపేటోడు. ఇయ్యాల రాలె. అన్నానికి స్తోత్రం చెప్పిండు. ఎండకు, వానకు, ఎడ్లకు, ఎప్పుడో పోయిన తాతకు, కరెంటోళ్లకు చెప్పిండు. కూర చల్లారింది.

బ్లెస్సీ నీళ్ల చెంబు ఇచ్చినట్టు వంగి, ఎబినేజర్ చెవుల చెప్పింది. "ఆకులు తిండి వండుకుంటా మంచిగాలి ఇడుస్తయని టెన్త్‌ల చదివిన. మీరు తిన్నంతసేపు మా నాయన ఆపడు. జర నీడకు జరుగుండ్రి, మాకు ఆకలైతంది."

"జరిగితే ఆయనకు దగ్గొస్తది గదా," అన్నడు ఎబినేజర్. ఆ ఇంట్ల ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

బ్లెస్సీ ఆయన మొఖం దిక్కు చూసింది. చెంబు చేతిల పెట్టి, తాగుండ్రి అని, నవ్వాపుకుంటా కండ్లు మూసుకుంది.

శాంతికుమార్ గుండెల నిండ గాలి పీల్చి, గొంతు పెంచి, "మా అల్లుడు ఎబినేజర్‌ను దీవించు తండ్రీ," అన్నడు.

ఆకలికి ఆగలేక అందరికన్న ముందు మేనత్తే "ఆమెన్" అన్నది. ఆమెన్ అన్నంక ఇంక కాదనేదేముంది.