చెయ్యని మరమ్మతు

పొద్దున్నించి అది మూడోసారి. గేటు అతుకు మీద చక్రం ఆనగానే గ్రైండరు పక్కపిడి ఆమె గుప్పిట్లోనే గిర్రున తిరిగిపోయింది. మిషను ఎగిరి, రవ్వలు మోచేతిదాకా చిమ్మాయి. ఆమె స్విచ్చి ఆపి, చక్రం పూర్తిగా నిలిచేదాకా మిషనును ఒంటికి దూరంగా పట్టుకుంది.

వెల్డింగు చేసే బాబాయి ముఖానికున్న ముసుగు పైకెత్తాడు. గేట్లు చేసే ఆ షెడ్డులో పాడైన ప్రతి వస్తువుకూ ఆయనే దిక్కు. కొత్త సామాను అడక్కుండా పని నడిపించడం ముప్పై ఏళ్లుగా ఆయన గర్వం.

"ఇలా తేమ్మా. పిడి బిగించే మర అరిగింది, అంతే. టేపు చుట్టి బిగించి, పైన సైకిల్ ట్యూబు ముక్క కడతా."

"ఎన్నాళ్లుంటుంది బాబాయ్?"

"నాలుగు రోజులు. ఊడితే మళ్లీ చుడతా. నేనెక్కడికి పోతా, పెళ్లిచూపులకా?"

ఆమెకు నవ్వొచ్చింది. రోజూ ఆమె రాకముందే గ్రైండరు దుమ్ము తుడిచి, వైరు చిక్కులు విప్పి ఉంచే మనిషి ఆయన. అందుకే తర్వాతి మాట గ్రైండరు వైపే చూస్తూ అంది.

"నాకు ముందు దీన్ని పట్టిన అన్నకి కూడా నువ్వే చుట్టావు కదా."

ఈ పిడి జారే ఆ అన్నకు మణికట్టు నరాలు తెగాయి. ఇప్పుడతని చొక్కా గుండీలు భార్య పెడుతుంది.

టేపు విప్పుతున్న బాబాయి చెయ్యి ఆగిపోయింది. "బాగానే చుట్టానమ్మా," అన్నాడు మెల్లగా.

"బాగానే చుట్టావు. అదే నా బాధ. నువ్వు చుట్టినన్నాళ్లూ సారు కొత్తది కొనడు. కొననక్కర్లేదని ప్రతిసారీ నువ్వే చూపిస్తున్నావు."

చప్పుడు ఆగేసరికి యజమాని బయటికొచ్చాడు. "మధ్యాహ్నానికి గేట్లు లారీ ఎక్కాలి. ఏంటీ ముచ్చట్లు?"

"పిడి నిలవట్లేదు సారూ. మిషనుకి అది బిగించే చోట కూడా మర పోయింది. రెండూ మార్చేదాకా నేను పట్టను."

"పట్టవా? రేపు ఈపాటికి నీ చోట్లో ఇంకొకరుంటారు."

ఉంటారని ఆమెకూ తెలుసు. ఆడమనిషి చేతికి గ్రైండరు ఇచ్చే షెడ్డు చుట్టుపక్కల ఇదొక్కటే. అయినా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"ఏమయ్యా, చుట్టి పడెయ్ దాన్ని!" యజమాని బాబాయి వైపు తిరిగాడు.

బాబాయి టేపు జేబులో వేసుకున్నాడు. "నా వల్ల కాదండీ."

అది అబద్ధమని అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

"ఇంత పిడికి ఇంత రాద్ధాంతమా! గట్టిగా పట్టుకుంటే ఎందుకు తిరుగుతుంది?" యజమాని విసురుగా గ్రైండరు అందుకుని గేటు దగ్గరికి నడిచాడు. బలంగా బిగించి పట్టుకున్నాడు. గుప్పిట్లో పిడి పావు చుట్టు జారింది.

ఆమె తన కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, ఆయనకు అందించింది.

"పెట్టుకోండి సారూ. రవ్వలు కళ్లల్లో పడతాయి."

ఆయన అందుకోలేదు. బొటనవేలు స్విచ్చి మీదే ఉంది, నొక్కడం లేదు. చక్రానికీ అతుక్కీ మధ్య జానెడు దూరం.

"నొక్కండి," అంది.