కామ్‌రేజ్ దాకా బండి మీద బుచ్చవ్వ

తొంభై ఎనిమిది సెప్టెంబరులో తాపీ నది సూరత్‌లోకి వచ్చి రెండు రోజులు కదలకుండా కూర్చుంది. మేం పని చేసే మరమగ్గాల షెడ్డు వేడ్ రోడ్డు వెనక సందులో ఉండేది. కింద మగ్గాలు, పైన నూలు గోదాం. ఆ గోదాంలో నేను, నా బామ్మర్ది ఆగయ్య, వాళ్లమ్మ బుచ్చవ్వ నీళ్లు తగ్గేదాకా చిక్కుకుపోయాం. బుచ్చవ్వ అంటే నాకు అత్త. సూరత్ అవతల కామ్‌రేజ్‌లో మా దగ్గరే ఉంటుంది. కొడుకు గదిలో నాలుగు రోజులుండి పోదామని వచ్చి వరదలో పడింది.

నా భార్య లలితమ్మ కామ్‌రేజ్‌లో ఒంటరిగా ఉంది. నేను వారమంతా షెడ్డులోనే పడుకుని ఆదివారం ఇంటికి పోయేవాణ్ని. ఫోన్లు లేవు, కరెంటు లేదు. తల్లి, తమ్ముడు, మొగుడు, ఈ ముగ్గురిలో ఎవరు మిగిలారో ఆమెకు తెలియదు. మూడో రోజు పొద్దున నీళ్లు మోకాళ్ల కిందికి దిగాయి. పొద్దు గూకేలోగా అత్తను క్షేమంగా ఆమె ముందు దించాలనుకున్నాను.

అప్పుడే షెడ్డు యజమాని సేఠ్ మనిషిని పంపాడు. మేమెలా ఉన్నామో కనుక్కోవడానికి కాదు, మోటార్లు ఎలా ఉన్నాయో చూసి రమ్మని. వాడు మోటార్ల దగ్గర వంగి ఉండగా, గుడ్డ తాన్లు మోసే తోపుడుబండిని నేను బయటికి లాగాను. అడగలేదు. ఇరవై ఏళ్లుగా అడిగి ఏం బావుకున్నాను?

అత్త కుడి మోకాలు వాచి ఉంది. బస్సులు లేవు. ఇరవై కిలోమీటర్లు ఆమెను బండి మీద కూర్చోబెట్టి తీసుకుపోవాలి. ఒకడు ముందు లాగాలి, ఒకడు వెనక తోయాలి. ఆ ఇద్దరం నాలుగేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. అదీ చిక్కు.

గొడవ కిటికీ గురించి. షెడ్డులో కిటికీ పక్క మగ్గాలు ఖాళీ అయితే నాకే ఇస్తానన్నాడు మేస్త్రీ. తీరా ఖాళీ అయ్యాక ఆగయ్య పోయి ఏం చెప్పాడో, అవి వాడికి దక్కాయి. ఐదో తరగతిలో బడి మాని మగ్గమెక్కినవాణ్ని, బతుకులో ఒక కిటికీ అడిగితే అదీ దొరకలేదు. ఇకమీదట వాడితో నోరు విప్పి మాట్లాడనని మా కులదైవం మార్కండేయుడి పటం ముందు ఒట్టేశాను. వాడూ వేశాడు.

అయినా నాలుగేళ్లు పక్కపక్కనే పని చేశాం. ఎనభై మగ్గాలు కొట్టుకుంటుంటే చెవిలో అరిచినా వినపడదు గనుక, మా పనివాళ్లకు చేతి సైగలున్నాయి. రెండు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగిందని. మీసం తిప్పితే సేఠ్ వస్తున్నాడని. పిడికిలి పైకెత్తితే మగ్గం ఆపమని. సైగలు మాటల్లెక్కలోకి రావు. ఒట్టు నిలిచింది, పనీ సాగింది. మగ్గాలన్నీ నీళ్లలో మునిగి, ఊరంతా నిశ్శబ్దంగా ఉన్న ఆ రెండు రోజులు కూడా మేం చేతులతోనే కానిచ్చాం.

"ఏందిరా గా చేతులు తిప్పుడు? దోమలు కొడుతున్నరా?" అని అత్త విసుక్కుంది. "ఇద్దరు మూగోళ్ల నడుమ పడ్డ గదరా, నా కర్మ!"

ఆమెను బండి మీద మూడు తాన్ల మీద కూర్చోబెట్టాం. ఎండకు నల్ల గొడుగు విప్పుకుని, పెళ్లివారి పెద్దమ్మలా కూర్చుంది. నేను ముందు లాగుతున్నాను, ఆగయ్య వెనక తోస్తున్నాడు. బురదనీళ్లలో నాలుగు సందులు బాగానే దాటాం.

ఐదో సందు మలుపులో నీళ్లు గిర్రున తిరుగుతూ కిందికి పోవడం కనిపించింది. మూత కొట్టుకుపోయిన గటర్. రెండడుగుల దూరం కూడా లేదు. నేను చటుక్కున కుడిచేయి బండి కర్ర మీంచి తీసి పిడికిలి పైకెత్తాను.

షెడ్డులోనైతే ఆగయ్య అరక్షణంలో ఆపేవాడు. కానీ ఇక్కడ మా ఇద్దరి నడుమ అత్త ఉంది, గొడుగు ఉంది. వాడు తోస్తూనే ఉన్నాడు. ఒంటిచేత్తో పట్టిన బండి పక్కకు తిరిగింది. చక్రం గుంత అంచు మీద జారింది. తాన్లతో సహా అత్త గటర్ వైపు జరిగిపోసాగింది.

"ఆపురా ఆగయ్యా!" అని అరిచాను.

బండి ఆగింది. నేను అత్త నడుము పట్టుకున్నాను. గొడుగు మాత్రం గుంతలోకి పోయింది.

"నోరు పడిపోయిందా బావా? ముందుగాలనే చెప్పొచ్చు గద!" అన్నాడు ఆగయ్య.

"చేయెత్తిన గదరా! కండ్లు కనవడ్తలేవా?"

"గొడుగు అడ్డముంటె నీ చేయెట్ల కనవడ్తది? ఇదేమన్న షెడ్డా?"

"నన్ను పైకి గుంజి కొట్టుకసావుండ్రి!" అంది అత్త. పైకి గుంజాక, బురదకాళ్లు చూసుకుని నవ్వడం మొదలుపెట్టింది. "పోయె, ఒట్టు గటర్ల పోయె!"

"ముందుగాల బావనే మాట్లాడిండు," అన్నాడు ఆగయ్య. "నేను గెల్చిన."

ఇక నాకు ఒళ్లు మండింది. నాలుగేళ్లు దాచుకున్నవన్నీ తీశాను. కిటికీ తీశాను, మేస్త్రీని తీశాను. వాడూ తక్కువ తినలేదు. బండి లాగుతూ నేను వెనక్కి అరుస్తుంటే, తోస్తూ వాడు ముందుకు అరిచాడు. వరాఛా రోడ్డు మీద నీళ్లు లేవు. అక్కడ ఎవరో ఖిచిడీ పంచుతున్నారు. వడ్డిస్తున్న గుజరాతీ ఆవిడ గరిటె ఆపి, "ఝగడా క్యోఁ కర్‌తే హో?" అని, ఎందుకు కొట్లాడుకుంటున్నారని హిందీలో అడిగింది.

"లడాయి నై బెహన్," అంది అత్త, ఆకు పట్టుకుని. "చార్ సాల్ కా బాత్ హై, నాలుగేండ్ల ముచ్చట. నువ్వు ఇంకింత పెట్టు."

ఖిచిడీ తిన్నాక ఆగయ్య గొంతు కాస్త తగ్గింది. "నీకు ఆ కిటికీ ఎందుకు బావా? దొంగ కిటికీ అది. ఎండ పడి పోగు ఎండిపోతది, నిమిషానికోటి తెగుతది. నాలుగేండ్ల సంది ముడులేసుడే నా పని. నీ మూల మగ్గాలు ఎంత నిమ్మళంగ నడుస్తయో చూసి ఏడుస్తున్న."

"మరి మార్చుకుందమని అడగకపోయినవ్?"

"ఎట్లడగాలె? దానికి సైగ లేకపాయె."

నాలుగేళ్లలో అంత మంచి వార్త నేను వినలేదు. వాడు కిటికీ పక్కన చెమటలు కక్కుతూ ముడులేస్తున్నాడని తెలిశాక బండి బరువే తెలియలేదు. హైవే ఎక్కాక నేను వెనక్కి, వాడు ముందుకు మారాం. వాడు వంకరగా లాగుతున్నాడని నేను, నేను సరిగ్గా తోయడం లేదని వాడు. అలా కామ్‌రేజ్ మొదటి ఇళ్లు వచ్చేదాకా అరుచుకుంటూనే నడిచాం. అప్పటికి సందె చీకటి పడుతోంది.

మా సందు మొదట్లోకి లలితమ్మ చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. నన్ను చూడలేదు, తమ్ముణ్ని చూడలేదు. నేరుగా బండి పట్టుకుంది.

"మీ లొల్లి పెద్దరోడ్డు కాడికెల్లే ఇనవడ్తాంది," అంది తమ్ముడితో, రొప్పుతూ. "ఈయన గొంతు ఇన్న. నీ గొంతు ఇన్న. అమ్మ గొంతే ఇనవడలె. అమ్మకేమైందిరా? గట్ల పండుకున్నదేంది?"

నేనూ ఆగయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎంతసేపటి నుంచి అత్త మాట్లాడలేదో ఇద్దరికీ గుర్తులేదు. లలితమ్మ తల్లి చెంప మీద చేయి పెట్టింది.

అత్త ఒక కన్ను తెరిచింది.

"వీళ్లిద్దరు సందు ఇస్తె గద బిడ్డా, నేను మాట్లాడేది."

లలితమ్మ అక్కడే రోడ్డు మీద కూలబడి, ఏడుస్తూ నవ్వింది. నేనూ ఆగయ్యా చెరో పక్క పట్టుకుని అత్తను దించాం.

"జర నిమ్మళంగ, బావా."

"నాకు చెప్తవారా? నీ దిక్కు చూసుకో."