గురునాథరావు లెవల్ టూ కారు

గురునాథరావు కారు కొన్నాడు. కొంటే కొన్నాడు, అది దానంతటదే నడుస్తుందని మా కాలనీ స్మృతి నగర్ అంతా చాటింపు వేశాడు. పాలవాడికి చెప్పాడు, కూరల బండివాడికి చెప్పాడు, నాకైతే రోజుకి రెండు పూటలా చెప్పాడు. ఆయన చరోదా రైల్వే యార్డులో గూడ్సు బళ్లు నడిపి రిటైరైన లోకో పైలట్. నేను, అప్పలసూరిని, ఆయన పక్క సీట్లో పదకొండేళ్లు అసిస్టెంటుగా కూర్చున్నవాణ్ణి. తర్వాత నేనూ పైలట్‌నయ్యాను, కానీ ఆయన లెక్కలో ఇప్పటికీ అసిస్టెంటునే. ఆయన గొప్పలు వినడం నాకు పెన్షన్‌తో పాటు వచ్చిన డ్యూటీ.

కారు కొనడానికి కారణం మాత్రం మంచిదే. ఆయన భార్య కుసుమ వదినకి మోకాలి ఆపరేషనయింది. వారానికి రెండుసార్లు రాయపూర్ వెళ్లి వ్యాయామం చేయించుకోవాలి. నెహ్రూ నగర్‌లో ఉండే కూతురు రోహిణి టాక్సీ మాట్లాడతానంది. "నా పెళ్లాన్ని ఇంకెవడో తీసుకెళ్తాడేటి?" అని ఈయన పంతం పట్టాడు. చివరికి తండ్రీకూతుళ్లు ఒక ఒప్పందానికొచ్చారు. ఒకసారి రోహిణి వెనక సీట్లో కూర్చుని చూస్తుంది. తప్పు కనబడితే తాళం ఆమెది, టాక్సీ ఖాయం. జీవితమంతా ఇన్‌స్పెక్టర్ల ముందు తలెత్తుకు తిరిగిన మనిషికి కూతురి దగ్గర పరీక్ష. ఆ వారమంతా ఆయనకి అన్నం సయించలేదని వదిన నాతో చెప్పింది.

బయలుదేరే రోజు పొద్దున్న రోహిణి కారుతో వచ్చిన పుస్తకం తెరిచి కూర్చుంది. ఆమె దుర్గ్‌లో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతుంది, తెలుగులో హిందీ కలిపేస్తుంది.

"దేఖో పాపా, ఇది లెవల్ టూ. దానంతటది నడిచేది కాదు."

"షోరూం వాడు సెప్పాడమ్మా. స్టీరింగూ అదే తిప్పుద్ది, బ్రేకూ అదే ఏస్తది. ఇంకేటి కావాల?"

"స్పీడో స్టీరింగో ఏదో ఒకటే చూస్తే లెవల్ వన్. రెండూ కలిపి చూస్తే టూ. లేకిన్ రోడ్డు చూడాల్సింది నువ్వే. ఏ సాయమూ లేని జీరోలో ఎంత చూస్తావో, టూలో కూడా అంతే చూడాలి."

"మరి త్రీ?" అన్నాను.

"త్రీలో కొన్ని రోడ్ల మీద అదే చూసుకుంటుంది, బాబాయ్. పిలిస్తే మాత్రం నువ్వు వెంటనే అందుకోవాలి. ఫోర్ అయితే తనకి చెప్పిన ఇలాకాలోనే తిరుగుతుంది, తనవల్ల కాకపోతే తనే పక్కన ఆగిపోతుంది, నీతో పనిలేదు. ఫైవ్ అంటే ఏ రోడ్డైనా, ఏ వానైనా. అది ఇంకా ఎవరి దగ్గరా లేదు."

"అంటే టూ అసిస్టెంటన్నమాట," అన్నాను. "సాయం సేస్తాడు, సంజాయిషీ మాత్రం పైలట్‌ది."

"అయితే నీకంటే నయమే సూరీ. ఇది టీ అడగదు," అన్నాడు గురునాథరావు.

నాకు ఒళ్లు మండింది. అయినా పక్క సీటు నాకే ఇచ్చాడు కాబట్టి ఊరుకున్నాను.

సుపేలా, పవర్ హౌస్ చౌరస్తాల దాకా ఆయనే నడిపాడు. ఆటోలు, సైకిళ్లు, రోడ్డు మధ్యలో నెమరేసే ఆవులు, అన్నిటినీ నేర్పుగా తప్పించాడు. వెనక రోహిణి మొహం కూడా తేటపడింది. చరోదా దాటాక రోడ్డు ఖాళీ అయింది. అప్పుడు లెవల్ టూ మీట నొక్కాడు. ఎదురుగా తెర మీద పచ్చటి స్టీరింగు బొమ్మ వెలిగింది, అసలు స్టీరింగు సన్నగా దానంతటదే కదలడం మొదలుపెట్టింది. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది.

కాసేపటికి కారు టింగుమంది. చేతులు పెట్టావా అని అడుగుతోంది. ఆయన బొటనవేలితో అలా తాకాడు, మోత ఆగింది. అద్దంలో వదినని చూస్తూ పాత కబుర్లు చెబుతూనే ఉన్నాడు. మళ్లీ టింగు, మళ్లీ వేలు.

మూడోసారికి నేను కబుర్లు వినడం మానేసి ఆ వేలునే చూశాను. ఆ వేలు నాకు తెలుసు. మా ఇంజన్లో ఒక బటన్ ఉండేది. పైలట్ నిమిషం పాటు ఏ మీటా ముట్టకపోతే దీపం వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది. అప్పటికీ బటన్ నొక్కకపోతే మనిషి సొమ్మసిల్లాడనుకుని బ్రేకులు పడతాయి. కొన్నేళ్లు పోయాక ఆ నొక్కడం మనసుని అడగదు. మాటల మధ్యలో, ఆవలింత మధ్యలో వేలే వెళ్లి నొక్కేస్తుంది. అక్కడ తిప్పే పని పట్టాలది కాబట్టి చెల్లింది. ఇక్కడ పట్టాలేవి? కారు 'చూస్తున్నావా' అని అడుగుతుంటే ఈయన 'బతికే ఉన్నాను' అని జవాబిస్తున్నాడు.

"అన్నియ్యా, ఎదర సూడు," అన్నాను.

"సూస్తన్నాన్లే," అన్నాడు, వదిన వైపే తిరిగి.

కుమ్హారి దగ్గర రోడ్డు పని జరుగుతోంది. బళ్లను ఎడమకి మళ్లించారు. పాత తెల్లగీతని మాత్రం ఎవరూ చెరపలేదు, అది తిన్నగా సిమెంటు దిమ్మల వరసలోకి పోతోంది. కారు గీతనే నమ్ముకుంది. టింగుమంది. ఆయన వేలితో తాకాడు.

"హోమ్ రెడ్," అని అరిచాను. నేను అరవలేదు, నా గొంతే అరిచింది.

"హోమ్ రెడ్," అని ఆయన గొంతు బదులు పలికింది. పలుకుతూనే కుడిచెయ్యి ముందుకి చాచాడు, కళ్లు ఆ చేతి వెంట వెళ్లాయి, కాలు బ్రేకు మీద పడింది. దిమ్మకీ మాకూ నాలుగడుగులు మిగిలాయి.

హోమ్ రెడ్ అంటే స్టేషను ముందరి సిగ్నల్ ఎర్రగా ఉందని, బండి ఆపమని. ఇంజన్లో అదే పద్ధతి. ప్రతి సిగ్నల్‌నీ ఒకరు పైకి చెప్పాలి, రెండోవారు చేత్తో చూపిస్తూ తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పాలంటే కళ్లారా చూసి తీరాలి.

కారు పక్కకి తీసి ఆపాడు. రోహిణి వెనక నుంచి తాళం కోసం చెయ్యి చాచింది. ఈయన వాదిస్తాడనుకున్నాను. గీతది తప్పంటాడు, రోడ్డు వేసినవాడిది తప్పంటాడు అనుకున్నాను. ఏమీ అనకుండా తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"యంత్రం తప్పు నేదమ్మా. అడిగినప్పుడల్లా అబద్ధం సెప్పింది నానే," అన్నాడు.

తప్పు తనదేనన్న మాట ఆయన నోట వినాలని పదకొండేళ్లు కోరుకున్నాను. తీరా విన్నాక ఆయన మొహం చూడలేకపోయాను. చాలా బాధేసింది.

"తాళం ఇచ్చీవే," అంది కుసుమ వదిన, కూతురితో.

"నై మమ్మీ. ఒప్పందం ఒప్పందమే."

"నా మోకాలు, నా ప్రయాణం. ఆ టింగు మీట ఆపీమను. సూరీ, నువ్వెనక్కి రా, ముందు నాను కూకుంటాను. నాను సెప్తాను, మీ అన్నియ్య తిరిగి సెప్తాడు. ఒక్కసారి పలక్కపోతే అక్కడే దిగిపోయి టాక్సీ ఎక్కుతాను."

రోహిణి తల్లి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. "ఒక్కసారి పలక్కపోయినా," అని వేలు చూపించి తాళం ఇచ్చింది.

నేను ఉక్రోషంగానే వెనక్కి వచ్చి కూర్చున్నాను. వదిన మోకాలు చాచుకుని, కొంగు సర్దుకుని, పని మొదలుపెట్టింది.

"ఎదర ఆవు."

"ఆవు," అన్నాడాయన, చెయ్యి చూపించి.

"ఎడం పక్క లారీ."

"ఎడం పక్క లారీ."

ఆగి ఉన్న ట్రాక్టర్లని కూడా చెప్పేది. స్పీడు బ్రేకరు దాటాక స్పీడు బ్రేకరని చెప్పేది. నాకు నాలుక దురద పెట్టింది, కానీ రోహిణి నా మోచెయ్యి పట్టుకుని ఊరుకోమంది. ఖారూన్ వంతెన, టాటీబంధ్ చౌరస్తా, చివరికి ఆస్పత్రి గేటు. దేన్నీ ఆయన వదల్లేదు, బడిపిల్లాడిలా అన్నీ తిరిగి పలికాడు.

కారు ఆగాక కూడా వదిన దిగలేదు. సీటు బెల్టు విప్పి నా వైపు తిరిగింది.

"నలభై ఒక్కేళ్ల కాపరం, సూరీ," అంది. "నానన్న మాట ఈ మనిషి ఇని, తిరిగి పలకడం ఇయ్యాలే."

"ఇయ్యాలే," అన్నాడు గురునాథరావు మెల్లగా. తర్వాత దిగి, అటు తిరిగి వెళ్లి, ఆమె వైపు తలుపు తీశాడు.