వియ్యంకుడి కావిలింత

సూరన్న ఇంట్లో కావిలింత అంటే కొలత. రెండు చేతులూ చుట్టి ఎత్తితే ఎంత వస్తే అంత గడ్డి. దూడకి ఒక కావిలింత, ఎడ్లకి నాలుగు. మనుషులు ఒకర్నొకరు కావిలించుకోవడం సినిమాల్లోనూ, తాగినవాళ్ల మధ్యనూ జరిగే సంగతని ఆయన నమ్మకం.

అలాంటివాడికి కూతురు దేవి నిశ్చితార్థం ముందురోజు మగపెళ్లివారి నుంచి కబురొచ్చింది. తాంబూలాలయ్యాక వియ్యంకులిద్దరూ ఫొటోకి కావిలించుకోవాలట. పెళ్లికొడుకు తండ్రి గణేశ్వరరావు నర్సీపట్నంలో గుమాస్తాగా చేసి రిటైరైన బక్కమనిషి. పట్టింపులు మాత్రం లావు. కాఫీ చల్లారిపోయిందని కిందటేడు ఒక సంబంధం వదిలేసుకున్నాడు.

"నవ్వాల. మెల్లిగా ఈపు తట్టాల. అంతే," అని సింహాద్రమ్మ మొగుడికి నేర్పింది. "ఏదీ, ఓపాలి నన్నట్టుకుని సూపించు."

"సిగ్గునేదేటే?"

"ముప్పయ్యేళ్లనించీ సూత్తన్నాను. ఆ గడ్డికున్న అదురుష్టం నాకు నేదు."

మర్నాడు ఫంక్షన్ హాల్లో తాంబూలాలు మార్చుకున్నారు. ఫొటోగ్రాఫరు "దగ్గరికి రండి సార్" అన్నాడు. సూరన్న మొహం తుడుచుకుని, రెండడుగులు వేసి, కళ్లు మూసుకున్నాడు. చేతులు చుట్టాడు. ఆ చేతులకి తెలిసిన పని ఒక్కటే. మోకాళ్లు వంగాయి, నడుం బిగిసింది. గణేశ్వరరావుని నేలమీంచి లేపి, పక్కకి తిప్పి, దభీమని దించి, అలవాటుకొద్దీ "లాభం!" అని కేకేశాడు. కళ్లంలో లెక్కపెట్టేటప్పుడు మొదటిదాన్ని ఒకటనరు, లాభమంటారు మరి.

హాలు చల్లబడిపోయింది. గణేశ్వరరావు కళ్లజోడు ఒక చెవికి వేలాడుతోంది. కండువా కిందపడింది. ఆయన అక్క అప్పలలక్ష్మి లేచింది.

"ఏటిది? మా తమ్ముడు మనిసా, గడ్డిమోపా? లెగండర్రా, ఎల్లిపోదాం!"

దేవి బిక్కమొహం వేసింది. సూరన్న చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు.

గణేశ్వరరావు కళ్లజోడు సర్దుకుని వియ్యంకుణ్ణి ఎగాదిగా చూశాడు.

"అప్పా, కూకో. మనూరు కోటవురట్ల కళ్లంలో మన నాన్న ఏనాడైనా లాభం అనేసి ఆగిపోయేడా?" అని, కండువా తీసి భుజాన బిగించి, చేతులు రెండూ చాపాడు. "లెక్క అక్కడాపకూడదు బావగారూ. రెండనండి. దించినప్పుడు మాత్రం మెల్లిగా."

సూరన్న ఎత్తాడు. "రెండు!" హాలంతా వినబడింది.

వెనకనుంచి సింహాద్రమ్మ మోచేత్తో పొడిచింది.

"మూడోది ఇంటికాడ. మర్సిపోకు."