నీళ్ళు తాగిన రాయి

ముందే చెబుతున్నాను, తప్పులుంటే దిద్దుకొని చదవండి. నేను అక్షరాలు దిద్దింది యాభై ఎనిమిదో ఏట, కడప చర్చిలో చిన్నపిల్లల పక్కన కూర్చొని. ఒత్తులు ఇప్పటికీ ఉండాల్సిన చోట ఉండవు. ఒక పేజీ రాయడానికి రెండు రోజులు పడుతుంది. అందుకని చిన్న కథే ఎంచుకున్నాను.

కోసిగి దగ్గరి పల్లెలో సంతోషమ్మ అనే ఆమె, మొన్నటి ఎండాకాలం తొమ్మిది రోజులు ఒక గాజుగ్లాసు చుట్టూ తిరిగింది. గ్లాసులో నీళ్ళు, నీళ్ళలో ఒక వెండి ఉంగరం, ఉంగరానికి చిటికెనవేలి గోరంత రాయి. ఓపల్ అంటారు దాన్ని.

ఉంగరం ఆమెది కాదు, కూతురు నిస్సీది. నిస్సీ కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. శామ్ అనే పిల్లవాడితో ఆమెకు ప్రధానం జరిగినప్పుడు, అతని తల్లి కృపమణి కడప నుంచి వచ్చి చీర, బైబిలుతో పాటు ఈ ఉంగరం కూడా పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. కృపమణి భర్త పోయాక కువైట్‌లో పదకొండేళ్ళు ఇళ్ళలో పనిచేసి వచ్చిన మనిషి. "మా మేడమ్ బహుమానంగా ఇచ్చినాదమ్మా" అని అందరి ముందూ చెప్పింది.

పాలమీగడలాంటి తెలుపు. ఇటు తిప్పితే లోపల పచ్చటి రవ్వ మెరుస్తుంది, అటు తిప్పితే ఎరుపు, ఇంకొంచెం తిప్పితే నెమలి మెడలోని నీలం. ఆడవాళ్ళంతా చేతులు మార్చుకుంటూ చూశారు.

"ఇది ఉత్త రాయి కాదు వదినా," అంది కృపమణి. "అబద్ధం ఉండే ఇంట్లో దీని రంగు నిలవదంట. మా మేడమ్ చెప్తాండె."

సంతోషమ్మ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. గంట ముందే ఆమె ఒక అబద్ధం చెప్పింది మరి. "మా పాపకు ఇదే మొదటి సంబంధం వదినా" అనింది. రెండేళ్ళ కిందట ఆదోని సంబంధం ఒకటి కుదిరి, తేదీ పెట్టుకొని, కార్డులు అచ్చయ్యాక తప్పిపోయింది. తప్పు పిల్లది కాదు. అయినా ఆ మాట ఎత్తితే, ఈ సంబంధం కూడా ఎక్కడ బెదురుతుందోనని భయం.

ఆసుపత్రిలో ఉంగరాలు పెట్టుకోనివ్వరని నిస్సీ దాన్ని తల్లి దగ్గరే వదిలి వెళ్ళింది. "పెండ్లి దినం చర్చిలో పాప ఏలికి ఈ ఉంగరమే ఉండాల" అని కృపమణి పోతూ పోతూ మరీ చెప్పి పోయింది.

పెళ్ళికి ఇరవై రోజులుండగా పక్కింటి ఉరుకుందమ్మ ఉంగరం చూడటానికి వచ్చింది. సెల్లులో చూసిందంతా ఊరికి చెప్పకపోతే ఆమెకు అన్నం అరగదు.

"శుక్రుడి రాయి ఇది సంతోషక్కా. లోపల నీళ్ళుంటాయంట. నిజమే, వీడియోలో చూపిచ్చినారు. ఆ నీళ్ళు ఆరిపోతే రాయి పగిలి చస్తాదంట."

"రాయికి నీళ్ళేంది?"

"నాకేం తెలుసు, చేసినోడు దేవుడు. మన ఎండకు బండలే పగుల్తాండాయి, ఇదెంత?"

ఆ మాట సంతోషమ్మను పట్టుకుంది. చెరువు బీటలిచ్చి పడి ఉంది. బోరు నీళ్ళకు బదులు గాలి కొట్టి ఎండిపోయింది. ఆ ఊళ్ళో ఎండిన దేనికైనా ఒకటే మందు తెలుసు, నీళ్ళు. ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చే ఊళ్ళో, ఆమె గ్లాసెడు మంచినీళ్ళు తీసి ఉంగరం అందులో వేసి, గూట్లో బైబిలు వెనక పెట్టింది.

తెల్లారి చూస్తే రంగులు సగం లేవు.

నీళ్ళు చాలలేదేమో అనుకుంది. పెద్ద గ్లాసులోకి మార్చింది. మూడో రోజుకు మీగడ తెలుపు కూడా పోయింది. అయిదో రోజుకు రాయిలోంచి గ్లాసు అడుగు కనపడింది. చూస్తే తిరునాళ్ళలో పదిరూపాయలకు దొరికే గాజు ముక్క. ఆమె రోజూ నీళ్ళు మార్చింది. రొట్టె కాలుస్తూ లేచిపోయి చూసింది. కల్లం ఊడుస్తూ చీపురు పడేసి వచ్చి చూసింది. నిద్రలేచి ముఖం కడగకముందే చూసింది.

నాకు తెలుసు దీని సంగతి, అనుకుంది. ఇది నీళ్ళ జబ్బు కాదు. ఆదోని జబ్బు.

ఆమె మొగుడు ఏసన్న మిరపకోతల పని ముగించుకొని గుంటూరు నుంచి అప్పుడే వచ్చి ఉన్నాడు. గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు.

"రాయి యాడుండాది? ఉత్త ఉంగరమే కనపడతాంది."

"ఎగతాళి చేయొద్దు నిస్సీ నాయనా. రాయి మార్చేసినామంటారు వాళ్ళు. దొంగలంటారు."

ఆ మాట అన్నాక ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు. తొమ్మిదో రోజు పొద్దున్నే కర్నూలు బస్సెక్కింది. ఉంగరాన్ని పొడిగా తీసుకుపోతే దారిలోనే ప్రాణం పోతుందని స్టీలు డబ్బాలో నీళ్ళు పోసి, అందులో వేసి, మూత బిగించి ఒళ్ళో పెట్టుకుంది. బస్సు గుంతలో పడినప్పుడల్లా మూత తీసి చూసుకుంటుంటే పక్క సీటు ఆమె ఉండబట్టలేక అడిగింది.

"ఏమక్కా, చేపపిల్లా?"

"కాదు."

"మరి ఏంది, అన్నిసార్లు చూస్తాండావు, యాడికీ ఎగిరిపోదులే."

పాతబస్తీ సందులో మాబాషా అనే ముసలాయన రాళ్ళు పొదుగుతాడని నిస్సీ ఆసుపత్రి ఆయమ్మ చెప్పింది. ఆయన డబ్బా మూత తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, సంతోషమ్మ వైపు చూశాడు.

"ఏమ్మా, పులుసు పెట్టాల్నా దీంతో?"

ఆమెకు నవ్వు రాలేదు. అంతా చెప్పింది, ఆదోని సంగతి తప్ప. ఆయన ఉంగరం తీసి మెత్తటి గుడ్డతో అద్ది, భూతద్దంలో చాలాసేపు చూశాడు.

"రాయి అదే. ఎవురూ మార్చలా. లోపల నీళ్ళుంటాయని మీ పక్కింటామె చెప్పింది కూడా నిజమే. అయితే ఉండాల్సినన్నే ఉండాల. ఈ రకం రాయి చెరువు మన్ను మాదిరి, పోసేకొద్దీ తాగుతాది. తాగేకొద్దీ గాజైపోతాది. ఆరితే మళ్ళా రంగొస్తాది."

"వస్తాదా? ఎన్ని దినాలకు?"

"వారం. పది దినాలు. ఎండలో పెట్టొద్దు, పొయ్యి కాడ పెట్టొద్దు. తొందర పెడితే పగుల్తాది. గుడ్డలో చుట్టి పెట్టి మర్చిపో."

"మర్చిపోవాల్నా?"

"అదేనమ్మా మందు."

పెళ్ళికి పదకొండు రోజులు. చేయడానికి పనంటూ ఉంటే సంతోషమ్మ ఎంతైనా చేసేది. ఏమీ చేయకుండా ఉండమంటేనే ఆమెకు చేతకాలేదు. రోజుకు ఇరవైసార్లు గుడ్డ ముడి విప్పింది. వడియాలు ఒక్క పూటకు ఎండే ఎండ, ఈ వేలెడు లేని రాయికి పది రోజులా? రెండో రోజు ఏమీ లేదు. మూడో రోజు గాజులో పొగలాంటి తెలుపు కనపడింది, అది తన కంటిపొరో, రాయి పొరో తెలియలేదు.

"ఊరికే చూడొద్దు దాన్ని," అన్నాడు ఏసన్న. "నువ్వు చూస్తాంటే దానికి సిగ్గైతాంది."

నాలుగో రోజు కృపమణి ఫోను చేసింది. "వదినా, ఉంగరం పాపకు వదులుగుండె గదా. రేపు వచ్చాండా. మా కడప కంసాలి దగ్గర బిగించుకొని పెండ్లి నాటికి తెచ్చా."

రేపు ఏం చెప్పాలా అని సంతోషమ్మ సాయంత్రం దాకా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగింది. ఆదోని బ్యాంకు లాకరులో పెట్టినాం వదినా, తాళంచెవి ఏసన్న దగ్గరుండాది. ఏసన్న ఊళ్ళో లేడు. లేడా? మంచం మీదనే ఉన్నాడు కదా! మళ్ళీ మొదటి నుంచీ. ఒక అబద్ధం కోసం ఇంకో అబద్ధం వెతుక్కుంటూ, గుడ్డ విప్పి చూసి, తన నోట్లో ఇంకా పుట్టని మాటను కూడా ఆ రాయి విన్నదేమోనని గబుక్కున ముడి వేసింది.

మర్నాడు కృపమణి ఎండలో చెమటలు కక్కుతూ వచ్చింది. సంతోషమ్మ కంగారులో నీళ్ళు ముంచి ఇచ్చింది. ఇచ్చాక చూసుకుంది, అది ఆ గాజుగ్లాసే. కృపమణి గటగటా తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఉంగరం ఇయ్యి వదినా, మూడు గంటల బండికి పోవాల."

లాకరు మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ ఖాళీ గ్లాసు ఎదురుగా ఉంది. సంతోషమ్మ కొంగు ముడిలోంచి గుడ్డ తీసి కృపమణి అరచేతిలో పెట్టేసింది.

"తిట్టు వదినా. ఏమన్నా అను. సంబంధం మాత్రం ఇడ్సొద్దు. రాయి ఎండిపోతాదని తొమ్మిది దినాలు నీళ్ళలో ఏసినా. రంగు పోయింది. కర్నూల్లో చూపిస్తే నీళ్ళు తాగి అట్లయ్యిందన్నారు, ఆరితే వస్తాదన్నారు. నేను మార్చలా వదినా, నా బిడ్డ మీద ఒట్టు. ఇంకోటి కూడా. పాపకు ఆదోని సంబంధం ఒకటి వచ్చి తప్పిపోయింది. నీకు అబద్ధం చెప్పినా."

ఒక్క గుక్కలో చెప్పేసి నిలబడింది. కృపమణి గుడ్డ విప్పింది. రాయి ఒక సగం మీగడగా ఉంది, అందులో ఒకే ఒక్క పచ్చ రవ్వ. రెండో సగం ఇంకా గాజే. ఆమె దాన్ని వెలుతురుకు తిప్పి తిప్పి చూసింది.

"నీళ్ళా?" అంది కృపమణి చివరికి.

"అవును వదినా."

"ఉత్త నీళ్ళకేనా?"

"రాళ్ళు పొదిగే ముసలాయన చెప్పినాడు. శానా తెలిసినాయన."

కృపమణి గోడకు ఆనుకొని కింద కూర్చుంది. "మేడమ్ ఉంగరం సబ్బునీళ్ళ గిన్నెలో పడిండె. ఒక రేయంతా అందులోనే ఉండిపోయిండె. తీసేతలికి ఇట్లనే గాజు. రాయి మార్చినావు, దొంగవు అనింది నన్ను. అబద్ధం ఉండే చోట రంగు నిలవదని నా ముఖం మీదనే అనింది. ఉంగరం నా మీదికే ఇసిరికొట్టి, ఇంట్లోంచి ఎల్లగొట్టింది. బహుమానం లేదు, ఏం లేదు వదినా. కడపలో పెట్టె తెరిచ్చే రంగులన్నీ వచ్చి ఉండాయి. ఎట్ల పోయినాయో, ఎట్ల వచ్చినాయో తెలీలా. నాలోనే ఏదో తప్పుండాదని, దానికి తెలిసిందని, ఏడేండ్లు..."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మరి ఆ మాట మాకెందుకు చెప్పినావు వదినా, అబద్ధం ఉంటే రంగు పోతాదని?"

"తెలీదు. ఏడేండ్లు నన్ను కరిచిన మాట. ఇంకొకరి మీదికి వదిల్తే నన్ను ఇడ్సిపెడ్తాదనుకున్నానేమో." ముక్కు చీదింది. "ఆదోని సంగతి పాపే శామ్‌కు చెప్పిండె, వాడు నాకు మొదట్నే చెప్పినాడులే. ఆ కార్డు కూడా ఫోన్లో చూసినా. అచ్చు బాగుండె."

సంతోషమ్మ ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. కృపమణి మూడు గంటల బండి వదిలేసుకుంది. సంతోషమ్మ గ్లాసు నుంచి ముసలాయన మందు దాకా అంతా పూసగుచ్చి చెప్పింది. సాయంత్రం దాకా ఇద్దరూ గడపలో కూర్చొని, ఆ ఉంగరాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకొని చూస్తూనే ఉన్నారు. మర్చిపొమ్మన్న ముసలాయన మాట ఇద్దరికీ గుర్తు రాలేదు.

కంసాలి దగ్గరికి పోలేదు. వదులు పోవడానికి ఉంగరం అడుగున తెల్లదారం చుట్టారు. పెళ్ళినాడు నిస్సీ వేలికి రాయి మొత్తం వెలిగింది, ఒక్క మూల తప్ప. ఆ మూల ఇంకా కొంచెం గాజుగానే ఉంది. ఎవరూ అడగలేదు. ఇప్పుడు నిస్సీ గిన్నెలు తోమేటప్పుడు దాన్ని తీసి గూట్లో పెడుతుంది. తీయడం మర్చిపోతే, అత్త పక్క గదిలోంచి కేక వేస్తుంది.

ఆ కేక వేసేదాన్ని నేనే.

కృపమణి,
వయసు అరవై మూడు,
కొడుకు, కోడలి దగ్గర, కల్లూరు, కర్నూలు.