మూడో పిలుపు

నేను ఒక స్టీలు గ్లాసును. గుండ్రటి రేకుముక్కను ప్రెస్సు కింద పెట్టి ఒక్క గుద్దు గుద్దితే పుట్టాను. మనుషులు పుట్టగానే ఏడుస్తారట. నేను ఠంగుమన్నాను. పుట్టుకే దెబ్బ కాబట్టి, ఆ తర్వాత తగిలినవాటిని నేను పెద్దగా పట్టించుకోలేదు.

భర్తకు కోర్టులో బంట్రోతు ఉద్యోగం వచ్చిన వారమే దాలమ్మ నన్ను కొన్నది. గిన్నెల కొట్టు అరుగు మీద కూర్చున్న ముసలాయన మిషను సూదితో చుక్కచుక్కగా నా నడుము మీద ‘పూడి కూర్మయ్య’ అని ఆమె భర్త పేరు చెక్కాడు. పేరు చెక్కిస్తే వస్తువు తమదైపోతుందని మనుషుల నమ్మకం. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఆ మనిషే నా వాడు. ఒకసారి వకీలు గుమస్తా పరధ్యానంలో నన్ను సంచిలో వేసుకుపోయాడు. నాలుగో రోజుకల్లా తిరిగి వచ్చాను. నా పేరు చదివి వాళ్ళావిడే పంపించేసింది.

ముప్పై ఒక్కేళ్ళు కోర్టు వరండాలో మంచినీళ్ళ కుండ మీద బోర్లా ఉన్నాను. కూర్మయ్య రెండు గుక్కలు తాగి, గొంతు సవరించుకుని, వాయిదాకు వచ్చినవాళ్ళ పేర్లు పిలిచేవాడు. ఒక్కో పేరు మూడు సార్లు. మూడోసారికీ పలక్కపోతే ఆ మనిషి రానట్టే లెక్క. అందుకే కూర్మయ్య పిలుపుకూ పిలుపుకూ నడుమ ఆగేవాడు. తొందరపెట్టిన గుమస్తాలతో అనేవాడు: “మొదటి పిలుపు సెవికి బావూ, రెండోది గుండెకి, మూడోది కాళ్ళకి. మనిషి కదలడానికి టైం ఇవ్వాల.” టీ బడ్డీ దగ్గర వణుకుతూ నిలబడ్డ ముసలివాళ్ళు ఎందరో ఆ మూడో పిలుపుకే పరుగెత్తుకొచ్చి గట్టెక్కారు.

రిటైరయ్యాక ఆరేళ్ళకు అతని కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండు పొద్దులు ఆసుపత్రిలో డయాలసిస్. రోజుకు మూడు గ్లాసుల నీళ్ళే తాగాలన్నారు. అప్పటి నుంచి నేను కొలతనయ్యాను. దాలమ్మ నన్ను చూసే చూపు కూడా మారింది, కాపలావాణ్ణి చూసినట్టు.

కొన్నాళ్ళుగా కొత్త చిక్కు వచ్చిపడింది. మిషను తీసేసరికి అతని నాలుక బరువెక్కేది. చెప్పాలనుకున్న మాట ఒకటి, నోటికి వచ్చేది సగం. ఓసారి ఆటోవాడు మొహం చిట్లించి “పొద్దున్నే మందేసీసినావా తాతా?” అన్నాడు. దాలమ్మ ఆ ఆటోవాణ్ణి ఇంటిదాకా తిట్టింది. తలకు స్కాన్ తీశారు. పక్షవాతం కాదన్నారు. పొద్దుగూకేసరికి మాట తిరిగి వచ్చేది, బెల్లంపాకంలా నెమ్మదిగా. కానీ అప్పటికి వినడానికి దాలమ్మ, నేను తప్ప ఎవరు ఉండేవారు? కొడుకు లోకనాథం విశాఖ నుంచి పొద్దుటి రైలుకు తిన్నగా ఆసుపత్రికి వచ్చి, మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోయేవాడు. డాక్టరమ్మ రౌండ్సుకు వచ్చేది కూడా సరిగ్గా మిషను తీసిన పావుగంటకే. అతని నోరు ఎప్పుడు మూతపడుతుందో, అందరూ అప్పుడే వచ్చి తలుపు తట్టేవారు.

ఆ వేళల్లో అతని పెదవులు నా అంచును తడుముకుంటూ పట్టుకునేవి. పెదవి తడబడేది. పట్టు తడబడేది కాదు. ఎన్ని గుక్కలు మిగిలాయో, ఆ రోజు కొలత దాటుతున్నాడో లేదో అతనికి తెలుసు. లోపల మనిషి మెలకువగా కూర్చుని ఉన్నాడు. నా మీదా పేరుంది, నేనూ పలకలేను. అయినా నాకు మతి పోయిందని ఇంతవరకూ ఎవరూ రాయలేదు. అతని కేసు కాగితంలో మాత్రం రాశారు.

ఆ శుక్రవారం లోకనాథం మంచం పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. చెడ్డవాడేమీ కాదు. అలసిపోయాడంతే.

“మేడం, నాన్న మనిషిలో లేడు. ఇంకా ఈ సూదులెందుకు? ఆపేద్దాం.”

“మతిలోనే ఉన్నాడ్రా!” అంది దాలమ్మ. “సాయంత్రానికి గలగలా మాటాడతాడు. నువ్వుండవు గానీ.”

“అమ్మా, నీకు మనసొప్పక అలా అనిపిస్తాది.”

డాక్టరమ్మ డయాలసిస్ ఆపడానికి సంతకం పెట్టాల్సిన కాగితం తీసింది. పద్ధతి ప్రకారం మంచం మీదికి వంగి అడిగింది. “కూర్మయ్య గారూ, డయాలసిస్ ఇంకా చేయించుకుంటారా?”

అతని నోరు తెరుచుకుంది. “సె... సె...” అని ఆగింది. డాక్టరమ్మ ఒక నిట్టూర్పంత సేపు చూసి, పెన్ను లోకనాథం వైపు చాచింది.

అప్పుడు మంచం పక్క బల్ల మీదున్న నన్ను పట్టుకున్నాయి కూర్మయ్య వేళ్ళు. సూది గుచ్చని చెయ్యి అది. నన్నెత్తి మంచం ఇనుపకమ్మీ మీద బలమంతా పెట్టి కొట్టాడు. నేను పుట్టిన నాటి గొంతుతో ఠంగుమన్నాను. వార్డంతా తిరిగి చూసింది. కూర్మయ్య నన్ను ఒళ్ళో పడేసి, మూడు వేళ్ళు పైకెత్తాడు.

“ఏటి నాన్నా, మూడేటి?” అన్నాడు లోకనాథం.

దాలమ్మకు అర్థమైంది. “మూడుసార్లు పిలమంటన్నాడు! ఈ మనిషి కోర్టులో అందర్నీ మూడేసిసార్లు పిలిసినాడు. మీరు ఒక్కపాలే పిలిసి కేసు కొట్టేస్తారా?”

నర్సు రోహిణి ఫక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు. పెన్ను వెనక్కి తీసుకుంది.

“కూర్మయ్య గారూ.”

అతని గొంతులో ఏదో కదిలింది. దాలమ్మ చెయ్యెత్తి, ఆగమంది. ఆగారు. గోడగడియారం చప్పుడు నాకు వినిపించింది.

“కూర్మయ్య గారూ.”

మెడనరాలు బిగిశాయి. నుదుట చెమట పట్టింది. లోకనాథం ఏదో అనబోతే రోహిణి మోచేతితో పొడిచింది. మళ్ళీ ఆగారు. ఈసారి ఇంకా ఎక్కువసేపు.

“పూడి కూర్మయ్య గారూ.”

“ఉ... న్నా... ను.”

అతను ఇంకోమాట కోసం లోపలెక్కడికో దిగి, దాన్ని మోసుకుంటూ పైకొచ్చాడు.

“సెయ్... యండి.”

డాక్టరమ్మ మతి గురించి రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. నాలుక బరువెక్కేది అందుకేనేమో అంటూ, వచ్చేసారి మిషను ఒంట్లోంచి నీళ్ళు లాగే వేగం తగ్గించమని రోహిణికి చెప్పింది. ఇక మీదట తాను మిషను పెట్టకముందే వచ్చి మాట్లాడతానంది. సంతకం పడని కాగితాన్ని లోకనాథం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం రైలు ఎక్కలేదు.

సాయంత్రం దాలమ్మ నన్ను కడుగుతూ చూసింది. పేరు పక్కనే బొటనవేలంత సొట్ట. “అయ్యో, రేపు సరిసేయించాల” అంది.

మంచం మీద నుంచి జవాబు ఒక్కపాలే, తడబడకుండా వచ్చింది. కొడుకు కూడా విన్నాడు.

“ఒగ్గెయ్యే. అది నా సంతకం.”