మచ్చు చీర

శ్రావణానికి ముందు నా దగ్గర ఉన్నవి ఇవి: ధర్మవరంలో గోడౌను, అందులో మూడు వందల పట్టుచీరలు, రాయదుర్గంలో అలిగిన ఒక ఖాతాదారు, అనంతపురం కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే కూతురు హేమావతి.

అలిగిన మనిషి నారాయణమ్మ. గుమ్మఘట్ట వైపు పెళ్లిళ్లకు చీరలు చాలావరకు ఆమె దుకాణం నుంచే పోతాయి. మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. ఒక రకం చీరలన్నీ ఒక కట్ట కడతాం. పైన పెట్టేది మచ్చు. దుకాణం వాళ్లు దాన్నొక్కటే విప్పి చూస్తారు. నచ్చితే కట్టంతా ఉంచుకుంటారు, లేకపోతే కట్టంతా వెనక్కి పంపుతారు. పోయిన ఏడాది నేను తొందరలో చేతికందినవి కట్టి, పైన మాత్రం మంచిదొకటి పెట్టి పంపాను. ఆమె ఫోను చేసింది.

"ఏమప్పా కేశవా, పైన పెళ్లికూతురి చీర పెట్టి కింద అవ్వల చీరలు పెడతావా? ఇంకోసారి ఇట్ల జేస్తే నీ కట్టలు బస్సు దిగనీను."

ఆమె పోతే ఆ వైపు బేరమంతా పోయినట్టే. అందుకే కూతురిని పిలిచాను.

"బరువు, అంచు వెడల్పు, రంగు రాసియ్యి నాయనా. ఏది దేనికి దగ్గరో చూసి అదే గుంపులు చేస్తాది" అంటూ ఆదివారం ల్యాప్‌టాప్ తెరిచింది. ఆర్ అనే ప్రోగ్రాములో ముందే అమర్చి ఉన్న కె-మీన్స్ అనే గుంపులు చేసే పద్ధతికి లెక్కంతా అప్పగించింది. అది క్షణంలో గుంపులు చేసి, ఒక్కో గుంపుకు సరాసరి చూపించింది.

"ఈ గుంపులో రంగు సరాసరి రెండు నాయనా."

"రెండంటే ఆకుపచ్చ. అందులో ఆకుపచ్చ చీర ఉండాదా?"

వెతికింది. "ఒక్కటీ లేదే! సగం ఒకటి, సగం మూడు."

"ఒకటి అరక్కు ఎరుపు, మూడు ఆవాల రంగు. రెండూ కలిపితే ఆకుపచ్చ అయితాదా పాపా?"

"రంగులకు అంకెలు ఎవరేసినారు?"

నేనే. గోడౌనులో రంగుకొక అర ఉంటుంది. రంగు అడిగితే అలవాటుగా అర నంబరు రాసిచ్చాను.

"నువ్వు అరలు రాసిస్తివి, నేను అరలు కూడి భాగిస్తిని!" అని హేమావతి పడీపడీ నవ్వింది.

తర్వాత రంగులను పేర్లతోనే రాసి, కొమ్మలుగా విడదీసే ఇంకో పద్ధతి పట్టింది. అది దాదాపు చీరలన్నిటినీ ఒకే కట్టలో కుక్కి, మిగిలిన నాలుగింటికీ నాలుగు కట్టలు కట్టింది.

"ఇంత పెద్ద కట్టను మోసేదానికి లారీ కావాల" అన్నాను. "చూడు పాపా, నాకు గుంపు నడుమ లెక్క వద్దు. ఆ గుంపులోని చీరే ఒకటి కావాల. విప్పి చూపియ్యాల గదా."

ఆమె వేళ్లు ఆగిపోయాయి. "అట్లాంటిది ఉండాది నాయనా. పామ్ అంటారు. ఊహించిన సరాసరిని కాదు, గుంపులో అన్నిటికీ దగ్గరగా ఉండే నిజమైన చీరనే నడుమ పెడతాది. రంగు కలిస్తే కలిసినట్టు, లేకుంటే లేదు. బరువు, వెడల్పు మాత్రం కొలుస్తాది."

ఈసారి కట్టలు కుదిరాయి. ఏ కట్టలోనూ సరిగా ఇమడని చీరలను కూడా ఆ పద్ధతే చూపితే వాటిని పక్కన పెట్టాం. మిగిలినవాటిని నేనే ఒక్కొక్క కట్టగా పరిచి చూసుకున్నాను. ఒక్కచోట మాత్రం నా చేయి ఊరుకోలేదు. మచ్చును కిందికి తోసి, జరీ ఎక్కువున్న చీరను పైకి లాగాను.

"ఏం చేస్తాండావు నాయనా?"

"బేరం పాపా. కంటికి ఇంపుగా ఉండొద్దా?"

"అది మచ్చు కాదు, గాలం. పోయినేడు నారాయణమ్మ తిట్టింది దీనికే గదా?"

ముప్పై ఏళ్ల అలవాటు. చేయి వెనక్కి తీసుకోవడం కష్టమైంది, కానీ తీసుకున్నాను.

కట్టలతో పాటు నేనూ రాయదుర్గం పోయాను. నారాయణమ్మ మచ్చు విప్పింది, నా ముఖం చూసింది. నమ్మక, కట్టలోని చీరలన్నీ బల్ల మీద పోసింది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తూ పోయింది.

"ఏమప్పా, నీ కండ్లకు ఆపరేషన్ చేయించుకున్నావా?"

"లేదమ్మా, ఈ గుంపులు మా పాప చేసింది."

"అయితే కట్టలు ఆ పాపనే కట్టమను. నువ్వు బస్సుకెత్తితే చాలు."

లెక్క చూసుకుంటే, ఒక్క కట్ట వెనక్కి వచ్చింది. దాని రంగు ఆ వైపు నడవదట. పక్కన పెట్టిన చీరలు ధర్మవరంలోనే విడిగా అమ్ముడుపోయాయి. ఖర్చు ఒక ఆదివారం, నాలుగు కాఫీలు. దసరాకు కూడా సరుకు తీసుకుంటానని నారాయణమ్మ మాట ఇచ్చింది. అదీ నాకు మిగిలిన లాభం.